ఒక్క గొంతు, పదకొండు పాటలు: ట్రేసీ చాప్‌మన్ మొదటి ఆల్బమ్‌ని మనం ఎలా వినాలి?

1988 సెప్టెంబర్ 30న ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఒక పెద్ద కచేరీ జరిగింది. మానవ హక్కుల సార్వత్రిక ప్రకటనకు నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఐదు ఖండాల మీదుగా నడిపిన 'హ్యూమన్ రైట్స్ నౌ' యాత్రలో అదొక మజిలీ. వేదిక మీద బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గాబ్రియెల్, సెనెగల్ గాయకుడు యూసూ ఎన్‌డూర్ ఉన్నారు. వాళ్ళతో పాటు ఇరవై నాలుగేళ్ళ నల్లజాతి యువతి కూడా ఉంది. ఆమె పేరు ట్రేసీ చాప్‌మన్. ఆమె మొదటి ఆల్బమ్ వచ్చి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు.

అప్పటికి కారంచేడు జరిగి మూడేళ్ళయింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రావడానికి ఇంకో ఏడాది ఉంది. చుండూరు ఇంకా జరగలేదు. మానవ హక్కులంటే అన్ని దేశాలకూ ఒకటేనని ఢిల్లీలో పాడుతున్న ఆ సాయంత్రం, మన పల్లెల్లో ఆ మాటకు అర్థం వేరుగా ఉంది. ఆమె పాడిన విషయాలు మాత్రం మనకు కొత్తవి కావు. రైలు పట్టాలకు అటొక ఊరు, ఇటొక ఊరు. గోడ అవతల దెబ్బలు తింటున్న ఆడమనిషి, ఆలస్యంగా వచ్చే పోలీసులు. తాగుడికి బానిసైన తండ్రి కోసం బడి మానేసిన కూతురు.

ఆ ఆల్బమ్ పేరూ 'ట్రేసీ చాప్‌మన్' అనే. అందులో పదకొండు పాటలున్నాయి, అన్నీ ఆమే రాసి బాణీ కట్టినవే. అమెరికా సంగీత వ్యాపారం దాన్ని ఒకసారి ఫోక్ అంది, ఒకసారి పాప్ అంది. ఈ పేర్ల గొడవకు తర్వాత వద్దాం. ముందు ఆమె ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. ఎందుకంటే ఆ పాటల్లోని 'నేను' ఎవరో తెలియకపోతే సగం పాటే వినిపిస్తుంది.

క్లీవ్‌లాండ్ నుంచి

ఆమె 1964 మార్చి 30న ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టింది. తల్లి ఒంటరిగా పెంచింది. డబ్బు లేకపోయినా మూడేళ్ళ పిల్లకు యుకులేలే కొనిపెట్టింది. ఎనిమిదేళ్ళకు ఆ పిల్ల గిటార్ పట్టింది. క్లీవ్‌లాండ్ ఉక్కు, కార్ల పరిశ్రమల ఊరు. దక్షిణాది రాష్ట్రాల్లో కౌలు బతుకులు వదిలి ఫ్యాక్టరీ కూలి కోసం వచ్చిన నల్లవాళ్ళు నగరానికి తూర్పువైపు వాడల్లో కుక్కుకున్నారు. 1966లో హఫ్ అనే వాడలో అల్లర్లు జరిగినప్పుడు ఆమెకు రెండేళ్ళు. మరుసటి ఏడాదే అమెరికాలో ఒక పెద్ద నగరానికి మొదటి నల్లజాతి మేయరుగా కార్ల్ స్టోక్స్ అక్కడ గెలిచాడు. అయినా 1976లో ఒక ఫెడరల్ కోర్టు, ఆ నగరం బడుల్లో నల్లపిల్లల్ని తెల్లపిల్లల్ని వేరుగా ఉంచడం యాదృచ్ఛికం కాదనీ అధికారులు కావాలని చేసిందేననీ తీర్పు చెప్పాల్సి వచ్చింది. తర్వాత బస్సుల్లో పిల్లల్ని ఒక వాడనుంచి ఇంకో వాడ బడికి పంపారు. ఆ బస్సుల మీద కోపం పిల్లల మీద పడింది. వేరు బడి, వేరు వాడ అంటే మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఊరికీ వాడకీ మధ్య ఉండే డొంక ఎంత వెడల్పో మనకు తెలుసు.

ఆమె ఆ ఊరు దాటింది ఒక స్కాలర్‌షిప్‌తో. అట్టడుగు వర్గాల తెలివైన పిల్లల్ని డబ్బున్నవాళ్ళ ప్రైవేటు బడులకు పంపే 'ఎ బెటర్ చాన్స్' అనే పథకం 1963లో మొదలైంది. ఆ పథకం కింద ఆమె కనెక్టికట్‌లోని వూస్టర్ స్కూల్‌కి వెళ్ళింది. తోటి పిల్లలు ఏ లోకం నుంచి వచ్చారో, తను ఏ లోకం నుంచి వచ్చిందో ఆమెకు రోజూ తెలిసే చోటది. ఆ బడి మతగురువు చందాలు పోగుచేసి ఆమెకు కొత్త గిటార్ కొనిపెట్టాడు. ఆల్బమ్‌లో మొదటి పాట, 'టాకిన్ బౌట్ ఎ రెవల్యూషన్', ఆమె ఆ బడిలో ఉండగా రాసిందే. నిరుద్యోగుల వరుసలూ సాయం కోసం నిలబడ్డ వరుసలూ ఎరిగిన పిల్ల, ఆ వరుసలను ఎన్నడూ చూడని పిల్లల మధ్య కూర్చుని ఆ పాట రాసింది. ఐఐటీలోనో, సెంట్రల్ యూనివర్సిటీలోనో మొదటితరం విద్యార్థిగా అడుగుపెట్టినవాళ్ళకు ఆ గది ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత బోస్టన్ పక్కనున్న టఫ్ట్స్ యూనివర్సిటీలో మానవశాస్త్రం చదివింది. హార్వర్డ్ స్క్వేర్‌లో వీధిలో నిలబడి, గిటార్ పెట్టె తెరిచి పెట్టి పాడింది.

టేపు కథ

టఫ్ట్స్‌లో ఒక విద్యార్థి రేడియో స్టేషన్ ఉండేది. తన పాటల మీద కాపీరైట్ నమోదు చేసుకోవడానికి ఆమె అక్కడ కొన్ని పాటలు రికార్డు చేసుకుంది. బదులుగా స్టేషన్‌వాళ్ళు ఆ పాటల్ని ప్రసారం చేసుకోవచ్చు, అదీ ఒప్పందం. బ్రయన్ కోపెల్‌మన్ అనే తోటి విద్యార్థి ఆమె పాట విని ముగ్ధుడయ్యాడు. తండ్రి చార్లెస్ కోపెల్‌మన్ సంగీత వ్యాపారంలో పెద్ద తలకాయ. ఆమె మాత్రం అంత ఆసక్తి చూపలేదు, తన దగ్గర టేపు ఉందని కూడా చెప్పలేదు. చివరికి అతను రేడియో స్టేషన్‌నుంచి ఒక కాపీ గుట్టుగా బయటికి తెచ్చి తండ్రికి వినిపించాడు. 1987లో చదువు పూర్తయ్యాక ఎలెక్ట్రా రికార్డ్స్‌తో ఆమెకు ఒప్పందం కుదిరింది.

అమెరికా పత్రికలు ఈ కథని ప్రతిభను గుర్తించిన స్నేహితుడి కథలాగా రాస్తాయి. అది నిజమే కావచ్చు. కానీ నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది ఇరవై ఏళ్ళ ఒక నల్లపిల్ల ముందుచూపు. కంపెనీ రాకముందే, పేరు రాకముందే, ఈ పాట నాది అని కాగితం మీద పెట్టుకుంది. వీధిలో పాడేవాళ్ళ పాట గాలిలో పోతుందని ఆమెకు తెలుసు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ జాగ్రత్త ఎలా పనికొచ్చిందో ముందుముందు చూస్తాం.

ఆల్బమ్‌ని డేవిడ్ కెర్షెన్‌బామ్ హాలీవుడ్‌లో తన స్టూడియోలో రికార్డు చేశాడు. అప్పటికి రేడియో నిండా సింథసైజర్లు, డ్రమ్ మెషీన్లు. అలాంటి కాలంలో గిటార్ మీద ఒక్క గొంతు పాడే ఆల్బమ్ చేయడానికి అంతకుముందు చాలామంది నిర్మాతలు వెనకాడారు. కెర్షెన్‌బామ్ చేసిన పని ఏమిటంటే, పెద్దగా ఏమీ చేయకపోవడం. గొంతూ గిటారూ ముందు ఉంటాయి. బాస్, డ్రమ్స్ అవసరమైన చోట మాత్రం వచ్చి నిలబడతాయి. మాట స్పష్టంగా వినపడాలి అన్నదే లెక్క. మన పల్లెపాటకూ ఉద్యమపాటకూ కూడా అదే లెక్క.

ఆల్బమ్ 1988 ఏప్రిల్ 5న విడుదలైంది.

వెంబ్లీలో దొరికిన ఖాళీ

1988 జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా డెబ్బయ్యో పుట్టినరోజు కచేరీ. ఆయన ఇంకా జైల్లోనే ఉన్నాడు. బయటికి రావడానికి ఇంకో ఇరవై నెలలు పడుతుంది. ఆ రోజు పగలు ట్రేసీ ఒక చిన్న వరుస పాడేసి దిగిపోయింది. సాయంత్రం స్టీవీ వండర్ పాడాల్సి ఉండగా, ఆయన వాద్యయంత్రానికి సంబంధించిన హార్డ్ డిస్కు కనపడలేదు. ఆయన వేదిక ఎక్కలేనని వెళ్ళిపోయాడు. కోట్లమంది టీవీల ముందు కూర్చున్న ప్రసారంలో పెద్ద ఖాళీ వచ్చిపడింది. ఎక్కించడానికి సామాను అక్కర్లేని కళాకారిణి ఒక్కతే ఉంది. ఒక గిటార్, ఒక మైకు. ఆమెను మళ్ళీ పంపారు. ఆమె 'ఫాస్ట్ కార్' పాడింది. ఆ తర్వాత కొన్ని వారాల్లోనే ఆల్బమ్ బ్రిటన్‌లోనూ, ఆగస్టులో అమెరికాలోనూ మొదటి స్థానానికి చేరింది. అమెరికాలోనే అరవై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. 1989లో మూడు గ్రామీ అవార్డులు వచ్చాయి: ఉత్తమ కొత్త కళాకారిణి, ఉత్తమ పాప్ గాయని, ఉత్తమ సమకాలీన ఫోక్ ఆల్బమ్.

ఈ కథలో తక్కువమంది చెప్పే ముక్క ఒకటుంది. ఆ కచేరీని అమెరికాలో ఫాక్స్ టీవీ ప్రసారం చేసినప్పుడు వర్ణవివక్ష మీద మాట్లాడిన మాటల్ని చాలావరకు కత్తిరించి, 'ఫ్రీడమ్‌ఫెస్ట్' అని పేరు మార్చి చూపించింది. పాట ఉంచి రాజకీయం తీసేశారు. ఏప్రిల్ 14న అంబేద్కర్ ఫ్లెక్సీ కట్టి ఆయన రాసినదాని ఊసెత్తకుండా సభ ముగించే సంప్రదాయం మనకూ తెలిసిందే.

పాటల్లోకి

పదకొండు పాటల్నీ ఒకే తూకం వేయడం నాకు ఇష్టం లేదు. ఎక్కువసేపు నిలవాల్సినవి మూడు.

'ఫాస్ట్ కార్' నిండా ఒకమ్మాయి మాటలే. తల్లి వదిలి వెళ్ళిపోయింది. తండ్రి తాగుతాడు, పనికి పనికిరాడు. అతన్ని చూసుకోవడానికి ఆమె బడి మానేసింది. దుకాణంలో పనిచేసి నాలుగు డబ్బులు వెనకేసింది. ప్రియుడి దగ్గర కారు ఉంది. అందులో ఈ ఊరు దాటిపోదాం అంటుంది. దాటుతారు. పట్నంలో ఆమెకు బిల్లులు కొట్టే పని దొరుకుతుంది. అతనికి దొరకదు. ఇవాళ కాకపోతే రేపు, షెల్టర్ వదిలి సొంత ఇల్లు అనుకుంటారు. పాట చివరికి వచ్చేసరికి అతను సాయంత్రాలు బార్లో స్నేహితులతో గడుపుతున్నాడు, పిల్లల ముఖం చూసేది తక్కువ. అంటే తండ్రి ఇల్లు మళ్ళీ ఆమె ఇంటికే వచ్చింది. అప్పుడామె కారు తీసుకుని నువ్వే వెళ్ళు అంటుంది.

ఇంత కథ ఐదు నిమిషాల్లోపే. చాలామంది దీన్ని ప్రేమపాటగా వింటారు, కొందరు పారిపోయే స్వేచ్ఛ గురించిన పాటగా. నాకిది పేదరికం ఒక తరంనుంచి ఇంకో తరానికి ఎలా అప్పగించబడుతుందో చూపించే పాట. ఆమె సోమరి కాదు, తాగదు, పని మానదు. 'కష్టపడితే పైకొస్తారు' అనే సూత్రం ప్రకారం చేయాల్సిందంతా చేసింది. పాటలో ఎక్కడా ప్రభుత్వం, జాతి అనే మాటల్లేవు. కానీ 1976 ఎన్నికల ప్రచారం నుంచీ రోనాల్డ్ రేగన్ 'వెల్ఫేర్ క్వీన్' అనే బొమ్మను ప్రజల ముందు పెట్టాడు. సర్కారు సొమ్ము తిని కులాసాగా బతికే ఆడమనిషి అని దాని అర్థం. చూసేవాళ్ళ మనసులో ఆ బొమ్మ రంగు నలుపే. రేగన్ పాలన చివరి ఏడాదిలో వచ్చిన ఈ పాట ఆ బొమ్మ పక్కన అసలు మనిషిని నిలబెట్టింది. రిజర్వేషన్లు తిని, రేషన్ బియ్యం తిని బద్ధకస్తులయ్యారనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ దుకాణంలో బిల్లులు కొట్టే అమ్మాయి గుర్తొస్తుంది.

సంగీతం వైపు ఒక మాట. గిటార్ మీద ఒకే చిన్న వరస పాటంతా తిరుగుతూ ఉంటుంది, ఎక్కడికీ పోదు. పల్లవి దగ్గర మాత్రం డ్రమ్స్ లేచి, కారు వేగం అందుకున్నట్టు ఒక్కసారి గాలి ఆడుతుంది. మళ్ళీ చరణం, మళ్ళీ ఆ వరస, మళ్ళీ అదే ఊరు. పాట ఏం చెబుతోందో బాణీ కూడా అదే చెబుతోంది.

'అక్రాస్ ది లైన్స్' పట్టాలకు అటూ ఇటూ ఉన్న రెండు జనాల గురించి. అమెరికా పట్నాల్లో రైలు పట్టాలే చాలాచోట్ల వాడకు సరిహద్దు. ఒక నల్లపిల్ల మీద దాడి జరుగుతుంది, దానిమీద గొడవ రేగుతుంది, చివరికి తప్పు ఆ పిల్లదే అనే దగ్గరకు వస్తుంది. దెబ్బతిన్నవాళ్ళ మీదే కౌంటర్ కేసు పెట్టే మన పోలీస్ స్టేషన్ల సంగతి తెలిసినవాళ్ళకు ఈ పాట ఇంకాస్త లోతుగా దిగుతుంది.

దాని వెంటనే వచ్చేది 'బిహైండ్ ది వాల్'. ఈ పాటకు వాద్యం లేదు. గిటార్ కూడా లేదు. ఒక్క గొంతు. రాత్రి పక్కింట్లోంచి అరుపులు వినపడుతుంటాయి. పోలీసులకు చెప్పీ లాభం ఉండదు, వాళ్ళు ఆలస్యంగా వస్తారు, వచ్చినా ఇది మొగుడూ పెళ్ళాల గొడవ అంటారు. చివరికి ఒక అంబులెన్స్ వస్తుంది. పాడే మనిషి బాధితురాలు కాదు, గోడకు ఇటుపక్క వింటున్న పొరుగుమనిషి. అందుకే ఇది వినేవాళ్ళను కూడా లోపలికి లాగుతుంది. మనమూ వింటున్నాం కదా! వాద్యాలు తీసేయడం వల్ల పాటలో మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దం మిగులుతుంది, ఆ నిశ్శబ్దంలో గోడ ఉంటుంది. స్టడీ సర్కిల్‌లో ఈ ఆల్బమ్‌నుంచి ఒక్క పాటే వినిపించే వీలుంటే ఇది వినిపించండి. తర్వాత 498ఎ గురించీ, 2005 గృహహింస చట్టం గురించీ, దళిత స్త్రీ స్టేషన్‌కి వెళ్తే ఆమె ఫిర్యాదుకు ఏమవుతుందనే దాని గురించీ ఎవరూ పనిగట్టుకుని చర్చ మొదలుపెట్టక్కర్లేదు.

మిగతావి త్వరగా. 'మౌంటెన్స్ ఓ థింగ్స్'లో వస్తువుల గుట్టల మీద కూర్చోవాలని పేదమనిషి కనే కల ఉంది, ఆ కలను చూసి నవ్వడమూ ఉంది. 'వై?' ప్రశ్నల పాట. తిండి చాలినంత ఉన్నా పిల్లలు ఎందుకు ఆకలితో ఉంటారు, ఆయుధాలకు శాంతి అని ఎందుకు పేరు పెడతారు అని అడుగుతుంది. అది రాసిన కాలంలో అమెరికా దగ్గర 'పీస్‌కీపర్' అనే క్షిపణి నిజంగానే ఉండేది. నినాదంలా ఉండే ఈ పాట ఆల్బమ్‌లో కొంచెం పలచనిదే. కానీ సభలో బాగా పేలుతుంది. 'షీ ఈజ్ గాట్ హర్ టికెట్' రెగె నడకలో ఊరొదిలి వెళ్ళిపోతున్న అమ్మాయి పాట.

ఇక ప్రేమపాటలు. 'బేబీ కెన్ ఐ హోల్డ్ యు', 'ఫర్ మై లవర్', 'ఇఫ్ నాట్ నౌ', 'ఫర్ యు'. రాజకీయ పాటల మధ్య ఇవెందుకని కొందరు అడిగారు. మనలోనూ అడుగుతారు. దళిత కవి అంటే కోపం రాయాలి, దళిత గాయని అంటే డప్పు పట్టి ధిక్కారం పాడాలి, మిగతా బతుకంతా ఆధిపత్య కులాల కవులకు వదిలేయాలి అన్నట్టు. ఈ ఆల్బమ్ ఆ పంపకానికి ఒప్పుకోదు. విప్లవం గురించి పాడిన గొంతే, క్షమించు అనే చిన్నమాట నోటికి రాని ప్రేమికుల గురించీ పాడింది. ప్రేమలో సిగ్గుపడే హక్కు, తడబడే హక్కు కూడా హక్కే. సొంత జీవితాన్ని పత్రికలకు పంచకుండా దాచుకున్న మనిషి ఆమె. మనమూ అక్కడే ఆగుదాం.

'నేను' అనే గొంతు

తెలుగులో ఉద్యమపాట అంటే మనకు ఎక్కువగా బృందం గుర్తొస్తుంది. ఒకరు అందుకుంటే పదిమంది కోరస్. డప్పు, గజ్జె, గొంగడి. గూడ అంజయ్య, గద్దర్ పాటల్లోని గొంతు 'మనం'. ఊరంతా ఒక్కసారి పాడగలిగేలా కట్టిన పాటలవి. ట్రేసీ పాట అలా కాదు. గదిలో ఒంటరిగా వినే పాట. 'నేను' అంటుంది, ఒక్కోసారి 'నువ్వు' అంటుంది. మొదటి పాట ఒక్కటే జనం గురించి, అదీ గుసగుసలాగా.

ఇది బలహీనత అనేవాళ్ళున్నారు. అమెరికాలో కూడా ఆ రోజుల్లో ఈ విమర్శ వచ్చింది. ఆమె శ్రోతల్లో ఎక్కువమంది కాలేజీ తెల్లపిల్లలే, నల్లజాతి రేడియో స్టేషన్లు ఆమె పాటల్ని పెద్దగా వేయలేదు. రాప్ అప్పుడే ఉప్పెనలా లేస్తోంది, దాని ముందు ఈ గిటార్ మెత్తగా వినిపించింది. ఈ విమర్శలో కొంత నిజముంది. తెల్లశ్రోతకు ఇబ్బంది కలిగించని పేదరికం కూడా ఒక సరుకే. కానీ 'నేను' అనే గొంతు అణగారిన స్త్రీకి ఎంత ఆలస్యంగా దొరుకుతుందో మనకు తెలుసు. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చింది 2003లో. అందులో 1921నుంచి 2002దాకా దళిత స్త్రీలు రాసింది ఒక్కచోట చేరేదాకా, వాళ్ళ 'నేను' మన సాహిత్య చరిత్రల్లో దాదాపు లేనేలేదు. 'మనం' అన్నచోట చాలాసార్లు మాట్లాడింది మగవాడే. ఆ లెక్కన 'ఫాస్ట్ కార్'లోని అమ్మాయి తన కథ తనే చెప్పడం చిన్న విషయం కాదు.

ఎవరిది ఫోక్?

1920లలో అమెరికా రికార్డు కంపెనీలు దక్షిణాది పేదల సంగీతాన్ని రెండు సంచుల్లో పెట్టాయి. నల్లవాళ్ళు పాడితే 'రేస్ రికార్డ్స్', తెల్లవాళ్ళు పాడితే 'హిల్‌బిల్లీ'. చాలాసార్లు పాట ఒకటే, వాద్యం ఒకటే. బాంజో ఆఫ్రికానుంచి బానిసలతో వచ్చిన వాద్యం. తర్వాత ఆ రెండో సంచే కంట్రీ సంగీతమయింది, తెల్లవాళ్ళ సంగీతమని పేరుపడింది. గిటార్ పట్టుకున్న నల్లజాతి యువతి ఆ లెక్కలో ఎక్కడా ఇమడదు. అందుకే ఆమెను చూసి అంత ఆశ్చర్యం. నిజానికి ఆమె తన తాతముత్తాతల వాకిట్లోనే నిలబడి ఉంది. మన దగ్గర చర్మం సాగదీసి డప్పు చేసినవాళ్ళు ఎవరో, దాన్ని జానపద కళ అని పేరు మార్చి వేదికలెక్కించినప్పుడు ఎవరి పేరు పోయిందో వేరే చెప్పను.

2023లో ల్యూక్ కోంబ్స్ అనే తెల్ల కంట్రీ గాయకుడు 'ఫాస్ట్ కార్'ని మళ్ళీ పాడాడు. మాటలు మార్చలేదు, ఆ అమ్మాయి వృత్తిని చెప్పే మాటను కూడా ఆడమాటగానే ఉంచాడు. 1988లో అమెరికా ప్రధాన పట్టికలో ఆరో స్థానం దాకా వెళ్ళిన పాట ఇప్పుడు రెండో స్థానానికి చేరింది. కంట్రీ రేడియోలో మొదటి స్థానం. ఒక నల్లజాతి స్త్రీ ఒక్కతే రాసిన పాట ఆ పట్టికలో మొదటికి రావడం అదే మొదటిసారి. ఆ నవంబరులో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆమెకు 'సాంగ్ ఆఫ్ ది ఇయర్' ఇచ్చింది. ఆ అవార్డు నల్లజాతి రచయితకు రావడమూ అదే మొదటిసారి. పాట పుట్టి ముప్ఫై అయిదేళ్ళు, పాడాల్సింది తెల్లగొంతు. సంతోషించాలా, నిట్టూర్చాలా అని నన్నడిగితే రెండూ అంటాను.

కానీ డబ్బు దగ్గర కథ వేరు. పాట రాసింది ఆమె ఒక్కతే, హక్కులు ఆమెవి. కాబట్టి ఎవరు పాడినా రచయిత రాయల్టీ ఆమెకే వెళ్తుంది. అమెరికా చట్టం ప్రకారం ఒకసారి విడుదలైన పాటను ఉన్నది ఉన్నట్టు మళ్ళీ పాడటానికి అనుమతి అడగనక్కర్లేదు, నిర్ణీత రుసుము కట్టాలి. అదే, పాటలో ముక్క తీసుకుని కొత్త పాట కట్టాలంటే అనుమతి తప్పనిసరి. నిక్కీ మినాజ్ 'బేబీ కెన్ ఐ హోల్డ్ యు' ఆధారంగా ఒక పాట చేసింది, అనుమతి అడిగితే ట్రేసీ కాదంది. పాట ఆల్బమ్‌లో రాలేదు గానీ రేడియోలో వినిపించింది. 2018లో ట్రేసీ కోర్టుకెళ్ళింది. స్టూడియోలో ప్రయోగం చేయడం తప్పు కాదని 2020లో జడ్జి అంది, దాన్ని బయటికి పంపిన ప్రశ్న మాత్రం విచారణకు మిగిలింది. చివరికి 4,50,000 డాలర్లకు రాజీ కుదిరింది. టఫ్ట్స్ రేడియో గదిలో మొదలైన జాగ్రత్త అది.

మన దగ్గర? 2021లో 'ఎంజాయ్ ఎంజామి' దేశమంతా మోగింది. శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసిన తన అవ్వ వల్లియమ్మాళ్ కథను అందులో పెట్టిన అరివు, ఆ ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద లేడు. పా. రంజిత్‌లాంటివాళ్ళు నిలదీశాక పత్రిక అతనితో వేరే ముఖచిత్రం వేసింది. ఆ పాట మీద తమకెవరికీ డబ్బు రాలేదని 2024లో సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ బయటపెట్టాడు. అదే 2021లో తెలుగులో 'సారంగ దరియా' సినిమాకెక్కినప్పుడు ఆ పాట ఎవరిది, పల్లెనుంచి తెచ్చి పాడినవాళ్ళకు ఏం దక్కింది అని గొడవ లేచింది.

జానపదం అనగానే రచయిత లేడు అనుకోవడంలోనే మోసం మొదలవుతుంది. పాత బాణీ అందరిదీ కావచ్చు. మీరు దానికి కట్టిన కొత్త చరణం మీదే. మన కాపీరైట్ చట్టం 1957నాటిది. నమోదు తప్పనిసరి కాదు, రాసిన క్షణంనుంచే హక్కు ఉంటుంది, రచయిత బతికున్నంతకాలం, ఆ తర్వాత అరవై ఏళ్ళు. కానీ గొడవ వచ్చినప్పుడు ఎప్పుడు రాశారో రుజువు కావాలి. 2012 సవరణ ఇంకో రెండు పనులు చేసింది. సినిమాకో, ఆడియో కంపెనీకో హక్కులు రాసిచ్చినా, పాట రాసినవారు, బాణీ కట్టినవారు రాయల్టీలో తమ వాటాను వదులుకోలేరు. వారసులకో కాపీరైట్ సంఘానికో తప్ప ఎవరికీ దాన్ని రాసివ్వలేరు. ఇంకొకటి కవర్ పాటల గురించి. మొదటి రికార్డు వచ్చిన ఏడాది ముగిశాక అయిదేళ్ళు గడిస్తేనే ఇంకొకరు అనుమతి లేకుండా దాన్ని మళ్ళీ రికార్డు చేయవచ్చు, ముందే రాయల్టీ చెల్లించాలి, మాటలు మార్చకూడదు. యూట్యూబ్ చానల్ పెట్టుకుని పాడుతున్న మన పిల్లల్లో ఎంతమందికి ఇది తెలుసో అడిగి చూడండి. సంతకం పెట్టించుకునే చానల్‌వాళ్ళకు మాత్రం బాగా తెలుసు.

2024 ఫిబ్రవరి 4న గ్రామీ వేదిక మీద మొదటి చప్పుడు ఆమె గిటార్‌దే. పక్కన కోంబ్స్ నిలబడ్డాడు, హాలంతా లేచి పాడింది. 2008 తర్వాత ఆమె కొత్త ఆల్బమ్ చేయలేదు, ఆ రాత్రి తర్వాత కూడా ఏ యాత్రా ప్రకటించలేదు. 2025 ఏప్రిల్‌లో మొదటి ఆల్బమ్ మళ్ళీ వినైల్ రికార్డుగా వచ్చింది, అవే పదకొండు పాటలతో, అదే వరుసలో.